బిడ్డకు పడని మందు

ఈ సంగతి వ్రాయవలెనని ఎన్నో ఏళ్ళుగా అనుకొంటున్నాము. వ్రాయబోయినప్పుడెల్లా చెయ్యి ఆగిపోయేది. ఎందుకనగా ఇందులో మా పొరపాటు కూడా ఉన్నది. అయినా మరొక ఇంటిలో మరొక బిడ్డకు ఇట్లు జరుగకూడదని ఈసారి భార్యాభర్తలమిద్దరము కూర్చుండి వ్రాస్తున్నాము.

మా ఊరు దేవరకొండ దాటి డిండి వైపు పోయే దారిలో ఉన్నది. వాగుకు ఇవతల మేము నల్లగొండ జిల్లా వారము. అవతల అచ్చంపేట, కల్వకుర్తి దిక్కున మా చుట్టాలు పాలమూరు జిల్లా వారు. 2016లో జిల్లాలు విడిపోయి వారు నాగర్‌కర్నూలు జిల్లా వారైరి గాని, మా నోట ఇంకా పాలమూరే వస్తుంది. మావి మెట్ట చేలు. ఆముదము, కంది, పత్తి వేసుకొని బ్రతికేవారము.

2009లో మా పెద్దమ్మాయికి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. సంక్రాంతి సెలవులైన తరువాత ఒకనాడు బడిలో నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయింది. కాళ్ళు చేతులు కొట్టుకొన్నవి, నోట నురుగు వచ్చింది. ఒకరు చేతిలో తాళంచెవులు పెట్టిరి, ఒకరు ఉల్లిగడ్డ వాసన చూపిరి. నెల తిరుగకుండానే ఇంట్లో మళ్ళీ వచ్చింది. పట్టణంలోని డాక్టరుగారి దగ్గరకు తీసుకొనిపోతిమి. ఆయన పరీక్షలు చేయించి, "ఇవి ఫిట్స్. భయపడకుండ్రి, గోళీలతోని తగ్గుతయి. కాని ఒక్కపూట గూడ మానొద్దు" అని చెప్పిరి. ఆ గోళీ పేరు కార్బమజెపిన్.

ఆయన చెప్పినది సరియైన మాటే. ఫిట్స్ మందు ఒక్కసారి ఆపితే ఫిట్స్ మరింత గట్టిగా తిరిగి రావచ్చును. మందు కూడా మంచి మందే. లక్షలమంది దానివలన బాగుపడి పనిపాటలు చేసుకొంటున్నారు. అయితే ఆ మందు పడకపోతే ఒంటి మీద ఏమి కనిపిస్తుందో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడుగలేదు. రాత్రి కుటుంబ ప్రార్థన ముగియగానే ఒకరు గోళీ, ఒకరు చెంబుతో నీళ్ళు పట్టుకొని నిలబడేవారము. ఫిట్స్ మళ్ళీ రాలేదు. దేవునికి స్తోత్రము చెప్పుకొంటిమి.

పదహారో నాడు జ్వరము వచ్చింది. గొంతు నొప్పి, కండ్లు ఎర్రబారి మంట. మరునాటికి ఎదురు రొమ్ము మీద, ముఖము మీద ఎర్రని మచ్చలు లేచినవి. అవ్వ చూచి, "తట్టు పోసింది బిడ్డా, చప్పిడి పెట్టుండ్రి" అని వేపాకు పరచి పడుకోబెట్టింది. ఊళ్ళోని ఆర్.ఎం.పి. వచ్చి సూది వేసి, జ్వరము గోళీలు ఇచ్చిపోయినాడు. "ఫిట్స్ గోళీ ఇయ్యాల్నా?" అని అడిగితిమి. "ఆపొద్దని పెద్ద డాక్టర్ చెప్పిండు గద, ఎట్ల ఆపుతరు?" అన్నాడు. మాకూ అదే న్యాయముగా తోచింది.

ఇంకా మూడు దినములు ఇచ్చితిమి. పెదవులు వాచి నోరు తెరువలేకపోతే గోళీని చెంచా వెనుకతో నూరి, చక్కెర నీళ్ళలో కలిపి పోసితిమి. బిడ్డ తల అటు తిప్పుకొని, "వద్దమ్మా, మండుతున్నది" అన్నది. మేము బుజ్జగించితిమి, చివరకు కసిరితిమి. ఆ చెంచా ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. దానితో ఎవరమూ ఏమీ తినము, పారవేయనూ లేము.

ఇరువయ్యో నాడు ఒళ్ళంతా పొక్కులు లేచినవి. మంచము మీది నుండి లేపబోతే వీపు మీది తోలు అరచేతికి అంటుకొని వచ్చింది. వేడినీళ్ళు పడ్డవారికి ఊడినట్టుగా ఊడింది. ఆ దినమే మా అదృష్టముకొద్దీ పిల్లలకు టీకాలు వేయడానికి వచ్చిన నర్సమ్మ మా ఇంట అడుగు పెట్టింది. ఆమె బిడ్డ కండ్లు చూచింది, నోరు చూచింది. ఇంకేమీ అడుగకుండా ఒకే మాట అడిగింది: "ఈ నెలల కొత్తగ ఏం మందు మొదలు పెట్టిండ్రు?" గోళీల అట్ట తెచ్చి చూపితిమి. "ఇది ఇంకొక్కటి గూడ వెయ్యొద్దక్కా. ఈ అట్ట చేతుల పట్టుకొని ఇప్పుడే బయలెల్లుండ్రి" అని తానే 108కి ఫోను చేసింది.

హైదరాబాదులోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఇరువది నాలుగు దినములు ఉంటిమి. అక్కడ బిడ్డను కాలినవారిని చూచినట్టే చూచిరి. పక్కబట్ట ఒంటికి అంటుకోకుండా అరటి ఆకులను శుద్ధి చేసి పరిచి, వాటి మీద పడుకోబెట్టిరి. మన విస్తరాకు బిడ్డకు పడక అవుతుందని మేమెన్నడూ అనుకోలేదు. ముక్కు గొట్టము గుండా పాలు, గంట గంటకు కండ్లలో చుక్కలు. రెప్పలు ఒకదానికొకటి అతుక్కొనిపోకుండా కండ్ల డాక్టరు ప్రతి దినము వచ్చి విడదీసేవారు. బిడ్డ అరుపులు వినలేక మేము వరండాలోకి పోయి ఒకరి మొగము ఒకరము చూడకుండా నిలబడేవారము.

ఒక సాయంత్రము ఒక డాక్టరమ్మ మమ్ములను కూర్చుండబెట్టి వివరించిరి. ఈ జబ్బును 1922లో అమెరికాలో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు పిల్లల వైద్యులు ఇద్దరు బాలురలో చూచి వ్రాసినందున దానికి స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోము అని పేరు వచ్చినది. తోలు మరింత ఎక్కువగా ఊడే దానిని 1956లో లయల్ అనే వైద్యుడు వర్ణించినాడు. ఒంటి మీది తోలులో నూటికి పది వంతుల లోపు ఊడితే మొదటిది, ముప్పది వంతులు మించితే రెండవది. మొదటి దానిలో నూటికి సుమారు ఐదు నుండి పదిమంది, రెండవ దానిలో ముప్పదిమంది, ఒక్కొక్కచోట అంతకన్న ఎక్కువమంది చనిపోతారు. ఇది చాల అరుదు. పది లక్షలమందిలో ఏడాదికి కొద్దిమందికే వస్తుంది. "మీరు విషం పెట్టలేదు. ఒంట్లో ఉండే కాపలాదార్లు ఈ మందును శత్రువనుకొని, దాన్ని చంపబోయి సొంత తోలునే చంపినయి. మందు ఎంత తొందరగా ఆపితే ప్రాణానికి అంత మేలు" అని ఆమె చెప్పిరి. అంత తొందరగా అన్న మాట మా గుండెలో దిగింది. మూడు దినములు, మూడు గోళీలు.

కొందరికే ఎందుకు ఇట్లగును? పుట్టుకతో వచ్చే ఒక గుర్తు దీనికి కొంతవరకు కారణమని 2004లో తైవాను వైద్యులు కనుగొనిరి. హెచ్.ఎల్.ఎ.-బి 15:02 అనే ఆ జన్యువు ఉన్నవారికి కార్బమజెపిన్ వలన ఈ ప్రమాదము ఎక్కువ. అది ఆసియా వారిలో ఎక్కువగా కనబడుతుంది గనుక, ఆసియా సంతతి వారికి ఈ మందు మొదలుపెట్టక ముందే రక్తము పరీక్షించుడని 2007లో అమెరికా ఔషధ శాఖ హెచ్చరించినది. అయితే ఆ గుర్తు లేనివారికి కూడా రావచ్చును. మా రెండవవాడు ఈనాటికీ ఏ డాక్టరు దగ్గరకు పోయినా, "మా అక్కకు ఈ మందు పడలేదు" అని ముందుగా చెప్పుతాడు.

మేము ఊరికి తిరిగి వచ్చేసరికి బిడ్డ ముఖము, చేతులు నల్లని, తెల్లని మచ్చలతో ఉన్నవి. గోళ్ళు ఊడిపోయినవి. మా ముందర ఎవరూ అనలేదు గాని, "కుష్ఠు" అన్న మాట వాకిలి దాటి లోపలికి వచ్చింది. బడిలో పక్కన కూర్చుండే పిల్ల బెంచీ మార్చుకొన్నది. ఆదివారము గుడిలో చాప మీద మా చుట్టూ జాగా ఖాళీగా ఉన్నది. ఈ రోగము మందు వలన వచ్చినది, అంటుకొనేది కాదు, కూడ కూర్చుంటే వచ్చేది కాదు అని ఎంతమందికని చెప్పగలము? అప్పుడు సంఘములోని ఒక ముసలమ్మ లేచి వచ్చి ఆ ఖాళీ జాగాలో కూర్చుండి, బిడ్డ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకొని ఆరాధన అయ్యేదాక వదలలేదు. పై ఆదివారము ఆ జాగా నిండిపోయింది.

కుష్ఠు మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. మన తెలంగాణలో ఆ రోగులను ఊరి బయటకు వెళ్ళగొట్టే దినములలో, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనువారైన ఇసబెల్ కెర్ డాక్టరమ్మగారు, ఆమె భర్త జార్జి కెర్‌గారు వారికొరకు ఆసుపత్రి నెలకొల్పిరి. ఆ కాలములో ఒక అడవి గింజల నూనెను సూదితో ఎక్కించేవారు, అది ఎంతో బాధాకరమైన చికిత్స. 1940ల తరువాత డాప్సోన్ జాతి మందులు వచ్చి లక్షలమందిని ఆదుకొన్నవి. కాని ఆ మేలైన మందే కొద్దిమందికి పడలేదు. మొదలుపెట్టిన నాలుగైదు వారములకు జ్వరము, దద్దుర్లు, మెడ గడ్డలు, కామెర్లు కనిపించేవి. దానికి డాప్సోన్ సిండ్రోము అని పేరే పడ్డది. దీనికి కూడా ఒక జన్యువు గుర్తును 2013లో చైనా వైద్యులు కనిపెట్టిరి. ఇప్పుడు కుష్ఠుకు మూడు మందులు కలిపి ఇస్తారు. అందులో క్లోఫజిమిన్ అనే మందు ఒంటిని నల్లబరుస్తుంది. అది పడకపోవడము కాదు. మందు అయిపోయిన తరువాత నెలల మీద మెల్లగా తగ్గుతుంది. రంగు చూచి భయపడి ఆపితే రోగము తిరుగబడుతుంది. తోలు మీద కనబడే ప్రతి మార్పూ ఒకటే కాదని ఇందుమూలముగా నేర్చుకొంటిమి.

మా ఇంట్లోనే మరొక చిన్న ఉదాహరణ ఉన్నది. మా మామగారికి ఏడాదికొకసారి కింది పెదవి మీద, ఎడమ చేతి మణికట్టు మీద గుండ్రని నల్ల మచ్చ లేచి, మంట పుట్టి, పొక్కి, తరువాత మాని మసి మరకలా మిగిలేది. ఎన్నిసార్లు లేచినా సరిగ్గా అదే చోట. "ఏదో పురుగు పారింది" అని పసుపు రాసుకొనేవాడు. బిడ్డ సంగతి జరిగిన తరువాత కూర్చుండి లెక్క చూచితిమి. విరేచనాలు పట్టినప్పుడల్లా దుకాణములో కొని వేసుకొనే కో-ట్రైమాక్సజోల్ గోళీతోనే మచ్చ లేస్తున్నది. చర్మ డాక్టరు చూచి అవునన్నారు. ఆ గోళీ మానిన తరువాత పురుగు మళ్ళీ పారలేదు.

ఇప్పుడు మా రెండవ పొరపాటు చెప్పుతాము. బిడ్డ బ్రతికి వచ్చిన కొత్తలో కనబడినవారందరికీ, "ఇంగ్లీషు మందులతోని పైలం" అని చెప్పుకొంటూ తిరిగితిమి. మా వీధిలో ఒక చెల్లెలు అప్పుడు క్షయకు మందులు వాడుతున్నది. కొంచెము దురద వచ్చేసరికి మా బిడ్డ ముఖము జ్ఞాపకము వచ్చి, ఎవరికీ చెప్పకుండా గోళీలు గడ్డివాములో దాచిపెట్టింది. రెండు నెలలు గడిచినవి. 2010 ఎండాకాలములో నెత్తురు కక్కుకొని పడితే ఆసుపత్రికి మోసిరి. మొదటినుండి ఎనిమిది నెలల మందులు, అందులో మొదటి రెండు నెలలు సూదులు. ఆమె బాగుపడినది గాని చాల బక్కచిక్కింది. మాతో ఒక్కమాట కూడా అనలేదు. మేమే పోయి క్షమాపణ అడిగితిమి. అప్పటినుండి ఈ సాక్ష్యము చెప్పినప్పుడెల్లా రెండు వైపులా చెప్పుతున్నాము. మందుకు భయపడవద్దు. మందును గమనించక విడువవద్దు.

ఏమి గమనించవలెను? మందు వేసుకొన్న కొద్ది నిమిషాలకో గంటలకో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు, కండ్లు వాచి, ఊపిరి ఆడకపోతే అది క్షణము ఆగని ప్రమాదము. 108కి ఫోను చేయవలెను. కొత్త మందు మొదలైన వారము, రెండు వారములకు వచ్చే ఎర్రని చిన్న దద్దుర్లు చాలమట్టుకు తేలికైనవే గాని, వాటిని కూడా డాక్టరుకు చూపవలెను. మా బిడ్డకు వచ్చిన జాతి ప్రమాదము సామాన్యముగా నాలుగో దినము నుండి ఎనిమిది వారముల లోపల వస్తుంది. జ్వరముతో కూడ మచ్చలు, తోలు ముట్టుకొంటే నొప్పి, నోటిలో, కండ్లలో, మూత్రము పోయే చోట పుండ్లు, పొక్కులు, తోలు ఊడుట, ముఖము వాపు, వీటిలో ఏది కనబడినా తరువాతి మోతాదు వేయక, అదే దినము అట్టతో సహా పెద్ద ఆసుపత్రికి పోవలెను. ఫిట్స్ మందులు, గౌటు నొప్పికిచ్చే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు, కొన్ని నొప్పి గోళీలు ఇందులో పేరుపడినవి. చెట్టు మందులు, బస్టాండులో అమ్మే పొడులు వేసుకొన్నా దాచకుండా చెప్పవలెను. ఇట్టివేమీ లేకుండా బి.పి., షుగరు, క్షయ, ఫిట్స్ మందులను భయముతో సొంతముగా ఆపకూడదు.

మందు వలన కీడు జరిగితే చెప్పుకొనుటకు మన దేశములో ఒక ఏర్పాటు 2010లో మొదలైనది. గాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానిని నడుపుతున్నది. డాక్టర్లే కాదు, రోగులు కూడా 1800-180-3024 అనే ఉచిత నంబరుకు తెలుపవచ్చును. ఎవరి మీదనో ఫిర్యాదు చేయుట కాదు ఇది. ఏ మందు ఎవరికి పడుటలేదో లెక్కకు వస్తేనే తరువాతి వారికి మేలు.

ఆసుపత్రి విడిచే దినమున ఆ డాక్టరమ్మ ఒక చీటి మీద ఎర్ర సిరాతో వ్రాసి ఇచ్చిరి. కార్బమజెపిన్ పడదు, దాని వంటివే అయిన ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్ కూడా ఇవ్వవద్దు అని. దానిని ప్లాస్టిక్ కాగితములో అతికించి బిడ్డ సంచిలో పెట్టితిమి. తరువాత ఆమెకు ఫిట్స్ కొరకు వేరే జాతి మందు ఇచ్చిరి. మూడేళ్ళు వాడిన తరువాత డాక్టర్లే మెల్లగా మాన్పించిరి.

2016లో మహబూబ్‌నగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి బి.ఎడ్. చదువుతుండగా ఆమె ఎక్కిన ఆటో బోల్తా కొట్టింది. తలకు దెబ్బ తగిలి తెలివి తప్పింది. తలకు దెబ్బ తగిలినవారికి ఫిట్స్ రాకుండా ముందుజాగ్రత్తగా ఫెనిటాయిన్ సూది వేస్తుంటారు. అక్కడ కూడా అది సిద్ధము చేసిరి. ఫోను నంబరు కొరకు సంచి వెదకిన నర్సుకు ఆ చీటి దొరికింది. సూది పక్కన పెట్టి వేరే మందు ఇచ్చిరి. మేము డిండి నుండి బస్సులు మారి చేరేసరికి బిడ్డ కండ్లు తెరిచి ఉన్నది. తెలివి లేని బిడ్డ తరఫున ఆ చీటి మాట్లాడింది.

ఇప్పుడు మా సంఘములోని స్త్రీల సమాజము వారు ప్రతి ఇంటికి అట్టి చీటి ఒకటి వ్రాసి ఇస్తున్నారు. మనిషి పేరు, వాడే మందులు, పడని మందు, ఏ ఏట ఏమి జరిగింది, అంతే. చదువు రానివారికి చదువుకొన్న పిల్లలు వ్రాస్తారు. ఆసుపత్రికి పోయినప్పుడు అడిగినా అడుగకపోయినా చూపవలెనని చెప్పి పంపుతారు. కొత్త మందు వ్రాసినప్పుడు, "అయ్యా, ఇది పడకపోతే ఏం గనబడుతది?" అని అడుగుటకు సిగ్గుపడవద్దని కూడా నేర్పుతారు. ఆ ఒక్క ప్రశ్న మేము 2009లో అడిగియుండవలసినది.

2019లో మా అమ్మాయి పెండ్లి అయినది. ఇప్పుడు ఆమె టీచరమ్మ, ఒక బిడ్డకు తల్లి. మచ్చలు చాలమట్టుకు పోయినవి. కండ్లు మాత్రము ఎండిపోయినవి. ఆ రోగము కన్నీటి ఊటలను కాల్చివేస్తుంది. పగలంతా రెండు గంటలకొకసారి చుక్కలు వేసుకొనవలెను, ఎండలో నల్లద్దాలు పెట్టుకొనవలెను. అప్పగింతల వేళ మేమిద్దరము, అవ్వ, చిన్నమ్మలు అందరము ఏడుస్తుంటే ఆమె కండ్లలో చుక్క నీరు లేదు. కొత్త చుట్టాలు ఏమనుకొందురో అని మాకు భయము వేసింది. అది కనిపెట్టి ఆమె సంచిలో నుండి చుక్కల సీసా తీసి రెండు కండ్లలో వేసుకొన్నది. చుక్కలు చెంపల మీదికి జారినవి. "ఇగ సరిపోయిందా నాయినా?" అని నవ్వింది.

ఆమె పెండ్లికి మేము ఇచ్చిన సామానులలో ఎర్ర సిరా చీటికి కొత్త నకలు ఒకటి ఉన్నది. ప్రియ పాఠకులారా, ఈ పత్రిక మూసిన తరువాత మీ ఇంట్లోని గోళీల డబ్బా ఒకసారి దింపి చూడుడి. ఎవరికి ఏది పడలేదో పెద్దలను అడిగి వ్రాసి పెట్టుకొనుడి.